ఆఫీస్ సూట్‌తో కలిపి ఇచ్చే డేటాబేస్‌కు ఏ ఇంజిన్ పెట్టాలి?

విశాఖ మధురవాడ నుంచి ఇంజనీరింగ్ ఫైనలియర్ విద్యార్థులు ముగ్గురు అడిగిన ప్రశ్న ఇది. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సూట్‌లోని బేస్ లాంటి డేటాబేస్ ప్రోగ్రాం ఒకటి ఓపెన్ సోర్స్‌గా రాస్తున్నారు. తెలుగులో లెక్కలు రాసుకునే చిన్న వ్యాపారులు, సంఘాల వాళ్లు వాడాలి, జావా అవసరం ఉండకూడదు. లోపల హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీ, ఫైర్‌బర్డ్, ఎస్‌క్యూలైట్, డక్‌డీబీలలో ఏది డేటాను దాచి, వెతికిపెట్టే ఇంజిన్‌గా పెట్టాలన్నది వాళ్ల సందేహం. తమ స్పీడ్ టెస్ట్‌లో డక్‌డీబీ గెలిచిందని కూడా రాశారు.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఎస్‌క్యూలైట్ పెట్టండి. దాని ఫైల్‌ను జిప్‌లో చుట్టకుండా, ఆ ఫైల్‌నే యూజర్ చేతిలో ఉండే డాక్యుమెంట్‌గా ఇవ్వండి. రెండో మాట మొదటిదానికన్నా ముఖ్యం. జిప్‌లో పెట్టి మూసే పద్ధతినే కొనసాగిస్తే ఏ ఇంజిన్ తెచ్చినా పాత బాధలే వస్తాయి.

స్పీడ్ సంగతి త్వరగా తేల్చేద్దాం. మీ ప్రోగ్రాం వాడబోయే మనిషి ఎవరో చూడండి. ఫిషింగ్ హార్బర్‌లో నాలుగు బోట్ల లెక్క రాసే గుమస్తా అనుకోండి. బోటు వేటకు వెళ్లేటప్పుడు డీజిల్ ఎంత, ఐసు ఎంత, రేషన్ ఎంత, కళాసీల అడ్వాన్స్ ఎంత అని రాస్తాడు. తిరిగొచ్చాక ఏ రకం చేప ఎన్ని కిలోలు, ఏ ధరకు పోయింది అని రాస్తాడు. ఏడాదంతా రాసినా కొన్ని వేల వరుసలు దాటవు. ఆ పరిమాణానికి నాలుగు ఇంజిన్లూ రెప్పపాటులో జవాబిస్తాయి. డక్‌డీబీ మంచి ఇంజినే. కానీ డేటాను కాలమ్‌ల వారీగా దాచి, లక్షల వరుసల మీద మొత్తాలు, సగటులు తీయడానికి తయారైంది. ఫారంలో ఒక్కో వరుస నింపి, దిద్ది, తీసేసే పని దాని అసలు బలం కాదు. దాని ఫైల్ ఫార్మాట్ స్థిరపడింది కూడా 2024లో 1.0 వచ్చాకే. రేపు విశ్లేషణ కావాలనిపిస్తే అది ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను నేరుగా చదవగలదు. అప్పుడు పక్కన చేర్చుకోండి.

ఇక జిప్ గొడవ. 2005లో లిబ్రెఆఫీస్‌కు మూలమైన ఓపెన్‌ఆఫీస్ 2.0తో బేస్ వచ్చినప్పుడు లోపలి ఇంజిన్‌గా హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీని ఎంచుకున్నారు. జావాలో రాసిన చిన్న ఇంజిన్, లైసెన్స్ సమస్య లేదు, డేటాబేస్‌ను అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణాన్ని బాగానే పాటిస్తుంది. ఆ రోజుకు అది సబబైన నిర్ణయమే. తేడా వచ్చింది ఫైల్ దగ్గర. ఆఫీస్ సూట్‌లో ప్రతి డాక్యుమెంటూ ఒక జిప్ కాబట్టి డేటాబేస్ కూడా జిప్ అయింది. బేస్ తయారుచేసే ఓడీబీ ఫైల్‌ను ఒకదాన్ని జిప్ ప్రోగ్రాంతో తెరిచి చూడండి. ఫారాలు, రిపోర్టుల పక్కన డేటాబేస్ అనే ఫోల్డర్, అందులో స్క్రిప్ట్, డేటా, ప్రాపర్టీస్ వగైరా ఫైళ్లు కనిపిస్తాయి.

డేటాబేస్ ఇంజిన్ అంటే ఒక హామీ. కమిట్ అయింది, అంటే రాయడం ఖాయమైందని చెప్పిన వరుస, ఆ మరుక్షణం కరెంటు పోయినా ఉండాలి. ఆ హామీ నిలబడాలంటే ఇంజిన్ చేతికి అసలు ఫైల్, అసలు డిస్క్ దొరకాలి. జిప్ పద్ధతిలో దానికి దొరికేది తాత్కాలిక కాపీ. గుమస్తా పొద్దున్నుంచి రాసిన వరుసలన్నీ అక్కడే ఉంటాయి. ఓడీబీని సేవ్ చేసినప్పుడో, మూసినప్పుడో మొత్తాన్ని మళ్లీ జిప్ చేసి పాత ఫైల్ స్థానంలో పెడతారు. జిప్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక చిట్టచివర ఉంటుంది. రాయడం మధ్యలో ఆగితే ఆ పట్టికే ఉండదు, ఫైల్ పాడైందని మెసేజ్ వస్తుంది. ఒక్క వరుసతో పోవాల్సిన నష్టం మొత్తం లెక్కకు తగులుతుంది. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లు, సాయంత్రం ఈదురుగాలి వస్తే ఆగిపోయే కరెంటు మన ఊళ్లో మామూలే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లం. ఇక్కడి వాళ్ల కోసం రాసే ప్రోగ్రాంకు ఇది అరుదుగా వచ్చే ఇబ్బంది అనుకోకూడదు.

ఫైర్‌బర్డ్ వైపు చూద్దాం. ఇంటర్‌బేస్ సోర్స్ కోడ్‌ను బోర్లాండ్ 2000లో బయటపెట్టినప్పుడు దాని నుంచి పుట్టిన ఇంజిన్ ఇది. గట్టిది, జావా అక్కర్లేదు, కచ్చితమైన డెసిమల్, అసలైన తేదీ టైపులు ఉన్నాయి. లిబ్రెఆఫీస్ 2014లో 4.2తో దీన్ని ప్రయోగాత్మకంగా చేర్చింది, 6.1లో పాత ఫైళ్లను మార్చే సదుపాయం తెచ్చింది. అయినా హెచ్‌ఎస్‌క్యూఎల్‌డీబీని పూర్తిగా పక్కకు నెట్టలేకపోయింది. ఇంజిన్ బలహీనమై కాదు, అదే జిప్‌లో దాన్ని కూర్చోబెట్టాల్సి రావడం ఒక ముఖ్య కారణం. ఫైర్‌బర్డ్ ఫైల్‌కు ఓడీఎస్ అనే డిస్క్ నిర్మాణం ఉంటుంది. పెద్ద వెర్షన్ మారితే అది మారుతుంది, ప్రాసెసర్ రకాన్ని బట్టి కూడా తేడా వస్తుంది. అందుకని ఓడీబీలో అసలు ఫైల్ బదులు దాని బ్యాకప్‌ను పెట్టారు. తెరిచినప్పుడల్లా ఆ బ్యాకప్‌ను తాత్కాలిక ఫోల్డర్‌లో రిస్టోర్ చేయాలి, సేవ్ చేసినప్పుడల్లా మళ్లీ బ్యాకప్ తీయాలి. డేటా పెరిగే కొద్దీ ఈ రెండూ బరువవుతాయి, కరెంటు సమస్య మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఫైర్‌బర్డ్‌లో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఇంకొకటి ఉంది. ఇంగ్లిష్‌లో పేర్లు పెట్టేవాళ్లకు ఇది కంటపడదు. ఫైర్‌బర్డ్ 3.0 వరకు టేబుల్ పేరు, కాలమ్ పేరు 31 బైట్లు దాటకూడదు. లిబ్రెఆఫీస్ వాడుతున్నది ఆ 3.0 తరగతే. కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటి 3 బైట్లు. అంటే మొత్తం పది గుర్తులు. "చందాదారులు" అని రాస్తే సరిగ్గా పది గుర్తులు, 30 బైట్లు, బతికిపోయారు. "సభ్యత్వసంఖ్య" అని రాస్తే 36 బైట్లు, కుదరదు. సంఘం సెక్రటరీకి ఇది ఎలా చెబుతారు? కంటికి అది అయిదక్షరాల మాట. 4.0లో ఈ పరిమితిని 63 అక్షరాలకు పెంచారు కాబట్టి ఫైర్‌బర్డే కావాలనుకుంటే 4.0తో మొదలుపెట్టండి, ఫైల్‌ను జిప్ బయటే ఉంచండి. ఎస్‌క్యూలైట్‌లో ఈ బాధే లేదు. తెలుగు పేర్లను కోట్స్ లేకుండా రాసినా తీసుకుంటుంది.

ఎస్‌క్యూలైట్ 2000 నుంచి ఉంది. ఇప్పటి ఫైల్ ఫార్మాట్ 2004లో వచ్చిన వెర్షన్ 3ది. ఆనాటి ఫైల్‌ను ఇవాళ్టి లైబ్రరీ తెరుస్తుంది, 2050 దాకా ఇలాగే నిలబెడతామని రాసినవాళ్లు మాటిచ్చారు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ డేటా భద్రపరచడానికి సిఫారసు చేసే ఫార్మాట్లలో ఇదీ ఒకటి. మన గుమస్తాకు దీనివల్ల ఒరిగేదేమిటంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజులూ ఆయన ఫైల్ తెరవకపోవచ్చు. ఈలోగా ప్రోగ్రాం అప్‌డేట్ అయిపోతుంది. జూన్ 15న తెరిస్తే ఫైల్‌ను కొత్త ఫార్మాట్‌లోకి మార్చాలా వద్దా అన్న ప్రశ్న ఆయనకు ఎదురుకాకూడదు.

కరెంటు పోయిన క్షణంలో ఇది ఏం చేస్తుందో దగ్గరగా చూడండి. ఒక వరుస రాసే ముందు, మారబోయే పేజీల పాత రూపాన్ని జర్నల్ అనే పక్క ఫైల్‌లోకి కాపీ చేసి, అది నిజంగా డిస్క్‌కు చేరేదాకా ఆగుతుంది. ఆ తర్వాతే అసలు ఫైల్‌లో మార్పు రాస్తుంది, అదీ డిస్క్‌కు చేరాక జర్నల్‌ను తీసేస్తుంది. మధ్యలో ఎక్కడ ఆగినా జర్నల్ మిగిలి ఉంటుంది. మర్నాడు ఫైల్ తెరిచినప్పుడు ఇంజిన్ ఆ జర్నల్‌ను చూసి పాత పేజీలను వెనక్కి పెట్టేస్తుంది. పోయేది రాస్తూ ఉన్న ఆ ఒక్క వరుసే. డిస్క్ అబద్ధం చెప్పకపోతేనే సుమా. చవక పెన్‌డ్రైవ్‌లు కొన్ని రాయకుండానే రాశామంటాయి, దానికి ఏ ఇంజిన్ దగ్గరా మందు లేదు.

ఎస్‌క్యూలైట్‌లో వాల్ మోడ్ అనే ఇంకో రాసే పద్ధతి వేగంగా ఉంటుందని మీకు ఎవరైనా చెబుతారు. సర్వర్‌లోనో, ఫోన్ యాప్‌లోనో అది సరైన సలహాయే. ఆఫీస్ డాక్యుమెంట్‌కు వద్దు. ఆ మోడ్‌లో కొత్త వరుసలు కొంతసేపు పక్కనున్న వాల్ ఫైల్‌లోనే ఉంటాయి. మనవాళ్లు ప్రోగ్రాం మూయకుండానే ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తారు, వాట్సాప్‌లో ఆడిటర్‌కు పంపేస్తారు. అసలు ఫైల్ ఒక్కటే వెళ్తుంది, పొద్దున రాసిన లెక్క ఇక్కడే ఉండిపోతుంది. పాత జర్నల్ మోడే ఉంచండి. ట్రాన్సాక్షన్‌ను (ఒకటిగా ఖాయమయ్యే మార్పుల గుంపును) ఎక్కువసేపు తెరిచి ఉంచకండి, వరుస పూర్తవగానే కమిట్ చేసేయండి. మెనూలో "కాపీ పంపు" అని ఒకటి పెట్టి, వెనక 3.27 నుంచి ఉన్న వాక్యూమ్ ఇన్‌టూ ఆదేశాన్ని వాడండి. తెరిచి ఉన్న ఫైల్ నుంచి కూడా శుభ్రమైన, చిన్న కాపీ వస్తుంది.

దీనితో "సేవ్" అనే మాటకు అర్థం మారుతుంది, ఆ సంగతి ముందే తేల్చుకోండి. వర్డ్ ఫైల్‌లో సేవ్ చేయకుండా మూసేస్తే మార్పులు పోతాయని జనానికి అలవాటు. లెక్కల వరుసకు అది పనికిరాదు. వరుస నింపి కిందికి దిగగానే అది ఫైల్‌లో ఉండాలి. ఫారం డిజైన్‌కు మాత్రం మామూలు సేవ్ పెట్టండి. ఫారాలు, రిపోర్టులు, క్వెరీలను అదే ఫైల్‌లో వేరే టేబుళ్లలో దాచండి. కేడీఈ అనే ఓపెన్ సోర్స్ బృందం వాళ్ల డేటాబేస్ ప్రోగ్రాం కెక్సీ చాలా ఏళ్లుగా ఇదే పద్ధతిలో నడుస్తోంది, దాని సోర్స్ చదివితే మీకు సగం దారి తెలిసిపోతుంది. ఫైల్ హెడర్‌లో అప్లికేషన్ ఐడీ అని నాలుగు బైట్ల చోటు ఉంది. మీ సంఖ్య అక్కడ పెడితే అది మీ డాక్యుమెంటని ఇతర ప్రోగ్రాంలు గుర్తుపడతాయి.

ఇప్పుడు ఎస్‌క్యూలైట్ లోపాలు. ఇవి మామూలువి కావు, మీ పని ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. అది టైపులను పట్టించుకోదు. ఇంటిజర్ కాలమ్‌లో "రేపు ఇస్తాడు" అని రాసినా దాచేసుకుంటుంది. తేదీ టైపు లేదు, డెసిమల్ లేదు. 2021లో వచ్చిన 3.37 నుంచి స్ట్రిక్ట్ టేబుళ్లు ఉన్నాయి, అవి ఇంటిజర్ కాలమ్‌లో ఇంటిజరే తీసుకుంటాయి. అయితే స్ట్రిక్ట్ టేబుల్‌లో డేట్, డెసిమల్ అనే పేర్లే కుదరవు. మామూలు టేబుల్‌లో అయితే కాలమ్‌కు డేట్ అని పేరు రాస్తే, ఫారం ఆ పేరు చూసి క్యాలెండర్ చూపించవచ్చు. రెండింట్లో ఒకటి వదులుకోవాలి. నేనైతే స్ట్రిక్ట్ వైపే ఉంటాను. ఏ కాలమ్ తేదీ, ఏది రూపాయలు, ఏది ఫోన్ నంబరు అన్న వివరాన్ని మీ సొంత పట్టికలో దాచుకోవచ్చు, ఎలాగూ ఫారాల కోసం అలాంటి పట్టిక కావాలి. తప్పు డేటా ఒకసారి లోపలికి పోయాక తీయడం మాత్రం నరకం.

డబ్బును పైసల్లో, ఇంటిజర్‌గా దాచండి. రూపాయల్లో, దశాంశ సంఖ్యలకు వాడే రియల్ టైపుగా దాస్తే పది పైసలు, ఇరవై పైసలు కలిపినా కచ్చితంగా ముప్పై రాదు. ఏడాది చివర మొత్తం ఒక పైసా తేడా వచ్చినా గుమస్తా రాత్రంతా కూర్చుని వెతుకుతాడు. 64 బిట్ల ఇంటిజర్‌లో పైసల లెక్కన కూడా ఎవరి వ్యాపారమైనా పడుతుంది. తేదీని సంవత్సరం-నెల-రోజు క్రమంలో టెక్స్ట్‌గా దాచి, డేట్ ఫంక్షన్ వెనక్కి ఇచ్చినది, రాసినది ఒకటేనా అని చెక్ నియమం పెట్టండి. ఫిబ్రవరి 30 అని రాస్తే ఆ ఫంక్షన్ ఎర్రర్ ఇవ్వదు, మార్చిలోకి జరిపేస్తుంది. అందుకే పోల్చి చూడాలి.

ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్‌కు ముడివేసే ఫారిన్ కీలు డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటాయి, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఆన్ చేయాలి. ఇది మర్చిపోతే బోటును తీసేసినా దాని లెక్కలు దిక్కులేకుండా మిగిలిపోతాయి. కాలమ్ టైపు మార్చే ఆదేశమూ లేదు. కొత్త టేబుల్ చేసి, డేటా పోసి, పాతది తీసేసి, పేరు మార్చాలి. దాన్నంతటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేసే కోడ్ మొదటి నెలలోనే రాసి పెట్టుకోండి. టేబుల్ డిజైన్ విండో నిలబడేది దాని మీదే.

తెలుగు వరుసక్రమానికి వద్దాం. ఎస్‌క్యూలైట్ మామూలుగా బైట్ల క్రమంలో పేరుస్తుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు చాలావరకు మన క్రమంలోనే ఉన్నాయి కాబట్టి జాబితా చూడగానే తేడా తెలియదు. కానీ అక్కడ ళ, ల పక్కనే ఉంటుంది. బళ్లో నేర్చుకున్న క్రమంలో వ, శ, ష, స, హ అయ్యాకే ళ. అందుకని సభ్యుల జాబితాలో కవిత కంటే కళావతి ముందొచ్చేస్తుంది. భాషల అక్షరక్రమాలు చూసుకునే ఐసీయూ లైబ్రరీతో మనకు కావలసిన క్రమాన్ని నియమాలుగా రాసి ఎస్‌క్యూలైట్‌కు కొలేషన్‌గా (పేర్చే నియమంగా) ఇవ్వవచ్చు. ఇవ్వండి, కానీ ఆ కొలేషన్‌తో ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) కట్టకండి, టేబుల్ నిర్వచనంలో దాని పేరు రాయకండి. రాస్తే మీ ఫైల్‌ను మామూలు ఎస్‌క్యూలైట్ టూల్ తెరిచినప్పుడు ఆ కొలేషన్ లేదంటూ ఆగుతుంది. పైగా రేపు ఐసీయూ వెర్షన్ మారి క్రమం కాస్త మారితే, పాత ఇండెక్స్ తప్పుడు జవాబులిస్తుంది. ఫైర్‌బర్డ్‌లోనూ ఇదే సమస్య ఉంది, ఐసీయూ మారాక ఇండెక్సులు తిరిగి కట్టడానికి వాళ్లు ప్రత్యేకంగా ఆప్షన్ ఇచ్చారు. కొలేషన్‌ను చూపించేటప్పుడు మాత్రమే వాడండి. కొన్ని వేల వరుసలను అప్పటికప్పుడు పేర్చడం కంప్యూటర్‌కు లెక్క కాదు.

వెతకడంలో ఇంకో కనిపించని తగాదా ఉంది. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తును చేరుస్తాయి. ఒకరి కంప్యూటర్‌లో "కుమార్" చివర అది ఉంటుంది, ఇంకొకరి దాంట్లో ఉండదు. తెర మీద రెండూ ఒకటే, ఇంజిన్‌కు మాత్రం వేర్వేరు. వెతికితే మనిషి దొరకడు, జాబితాలో మాత్రం కనిపిస్తూనే ఉంటాడు. వరుస దాచే ముందే పేర్లను ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక యూనికోడ్ రూపంలోకి తెచ్చి, మాట చివరి జడ్‌డబ్ల్యూఎన్‌జేను తీసేయండి. మాట మధ్యలోది తీయకండి, "రాజ్‌కుమార్" రూపమే మారిపోతుంది. వెతకడానికి వేరే కాలమ్ పెట్టుకుని దాంట్లో మొత్తం తీసేయవచ్చు.

ఒకే ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాస్తామంటే ఎస్‌క్యూలైట్‌కే కాదు, ఇలాంటి ఏ ఇంజిన్‌కూ ఒప్పుకోకండి. నెట్‌వర్క్ డ్రైవ్‌ల మీద ఫైల్ లాకులను నమ్మలేం. అలాంటి వాళ్లకు అవే ఫారాలతో మరియాడీబీ, పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్‌కు కనెక్ట్ అయ్యే దారి ఇవ్వండి. ఎన్‌క్రిప్షన్ కూడా ఉచిత ఎస్‌క్యూలైట్‌లో లేదు. పాస్‌వర్డ్ తప్పనిసరైతే ఎస్‌క్యూఎల్‌సైఫర్ చూడండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైల్ కూడా మీ ప్రోగ్రాం తెరుస్తుంది కాబట్టి ఫైల్‌లో దాగిన చెడు ఆదేశాలు నడవకుండా ట్రస్టెడ్ స్కీమాను ఆఫ్ చేసి, డిఫెన్సివ్ మోడ్ ఆన్ చేయండి. లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, ఎస్‌క్యూలైట్ పబ్లిక్ డొమైన్. అయితే బయటివాళ్ల ప్యాచ్‌లు వాళ్లు తీసుకోరు. మీకు కావలసినవి బయట ఎక్స్‌టెన్షన్‌గానే రాసుకోవాలి.

పాత ఓడీబీ ఫైళ్లను దిగుమతి చేసుకునే పని మరవకండి. స్క్రిప్ట్ ఫైల్‌లో తెలుగు మాటలు అక్షరాలుగా కనిపించవు, ప్రతి గుర్తూ ఒక బ్యాక్‌స్లాష్, నాలుగంకెల యూనికోడ్ సంఖ్యగా ఉంటుంది. వాటిని తిరిగి అక్షరాలు చేయకపోతే ఊరంతా సంఖ్యల పేర్లతో దిగుతారు. అసలు వరుసలు ఎక్కువగా డేటా అనే బైనరీ ఫైల్‌లో ఉంటాయి. జావా లేకుండా దాన్ని చదివే సీ ప్లస్ ప్లస్ కోడ్ లిబ్రెఆఫీస్ సోర్స్‌లో డీబీయాక్సెస్ ఫోల్డర్ కింద ఉంది, ఎంపీఎల్ లైసెన్స్ షరతులు పాటిస్తూ వాడుకోవచ్చు.

స్పీడ్ టెస్ట్ పక్కన పెట్టి ఈ వారం ఇంకో టెస్ట్ చేయండి. ఒక ప్రోగ్రాం ఆగకుండా వరుసలు రాస్తూ, కమిట్ అయిన ప్రతి వరుస నంబరునూ వెంటనే ఇంకో కంప్యూటర్‌కు పంపాలి. మధ్యలో ప్లగ్ పీకేయండి. తిరిగి తెరిచి, ఫైల్ పాడైందో లేదో చూసే ఇంటెగ్రిటీ చెక్ నడిపి, ఆ నంబర్లన్నీ ఫైల్‌లో ఉన్నాయో లేదో పోల్చండి. హార్డ్‌డిస్క్ మీద, ఎస్‌ఎస్‌డీ మీద, జగదాంబ దగ్గర కొన్న చవక పెన్‌డ్రైవ్ మీద వేర్వేరుగా చేయండి. నాలుగు ఇంజిన్లతోనూ, జిప్‌లో పెట్టీ పెట్టకా చేసి, వచ్చిన ఫలితాలు ఇక్కడే రాయండి. పెన్‌డ్రైవ్ మీద ఏం జరిగిందో చూశాక ఆటోమేటిక్ బ్యాకప్ ఎక్కడ పెట్టాలన్న సంగతి మాట్లాడుకుందాం.